వంటింటి అరలో రెండు కప్పులు

ఆ వానాకాలం మొదట్లో మా అత్తయ్య చక్రం మీంచి లేచింది. లేవడమంటే టీకి లేవడం కాదు. మట్టి ముద్దని సగంలో వదిలేసి, బకెట్లో చేతులు కడుక్కుని, కుడి మణికట్టు రెండో చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, ఇంక తన వల్ల కాదని చెప్పేసింది. ఏడవలేదు, నిట్టూర్చలేదు. అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

నా గుండె దడదడలాడింది. అత్తయ్య మీద జాలితో అని చెప్తే కళ్లు పోతాయి. కిటికీ పక్క చక్రం ఖాళీ అయినందుకు.

మా ఇంటి వెనక షెడ్డులో మూడు చక్రాలుండేవి. గోడవారగా ఉన్న రెండూ మా తోడికోడళ్లిద్దరివి, కిటికీ పక్కది అత్తయ్యది. వెలుతురంతా దాని మీదే పడుతుంది. ఎంత పెద్ద ముద్ద పెట్టినా వణకదు. మేం చూసి మురిసిపోయే బొమ్మలు చెయ్యం. తాగేవి, తినేవి, వొంపేవి, అంతే. అందులో కప్పే మాకు ముఖ్యం, దుకాణాలకీ హోటళ్లకీ ఎక్కువగా వెళ్లేది అదే. కిటికీ పక్క కూర్చున్న మనిషి ఎలా చేస్తే మిగతావాళ్లం అలా చెయ్యాలి. పెళ్లయి వచ్చినప్పటినుంచీ అత్తయ్య కప్పుకి నకళ్లు చేస్తూనే ఉన్నాను. ఇక నా కప్పుకి ఇంకొకళ్లు నకళ్లు చేస్తారని అనుకున్నాను. పెద్ద కోడల్ని. అనుకోవడంలో తప్పేముంది?

అత్తయ్య అలా అనుకోలేదు. మర్నాడు భోజనాల దగ్గర మా ఇద్దర్నీ ఒక్కొక్క కప్పు చేసి వంటింటి అరలో పెట్టమంది. వానలు వెలిసేదాకా ఇంట్లో అందరూ వాడాలి. ఏ కప్పు నిలబడుతుందో అప్పుడు చూసి, చక్రం సంగతి కూడా అప్పుడే చెప్తానంది. కొత్త రకం ఏది చేసినా మా ఇంట్లో ఇదే పద్ధతి. ముందు మేం తాగాలి, కడగాలి, కింద పడేసుకోవాలి, ఆ తర్వాతే అమ్మకం.

"నోటిని అడిగితే మొహమాటానికి బాగుందంటుంది. చేతికి మొహమాటం ఉండదు" అనేది అత్తయ్య.

ఏది ఎవరిదో చెప్పకూడదని షరతు. అడుగున గుర్తు కూడా వెయ్యకూడదు. చెప్పేదేముంది, మా ఇంటి పిల్లికి కూడా తెలుసు.

నాకు పోటీ పిచ్చుక. పిచ్చుకంటే నా తోడికోడలు. అసలు పేరు ఒకటుంది గానీ మా ఇంట్లో దాన్ని ఎవరూ వాడరు. చిన్న మనిషి, తినేది గుప్పెడు, నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. పెళ్లికి ముందు కుట్టుషాపులో చొక్కాలు కుట్టేది. మట్టి ముట్టుకుని ఎంతో కాలం కాలేదు. ఆ ముద్దుపేరు అత్తయ్యే పెట్టింది. నన్ను మాత్రం పెద్దమ్మాయీ అంటుంది. అదేం ముద్దుపేరు కాదు, వరస సంఖ్య. ఇంత చిన్న విషయానికి కుళ్లుకుంటారా అని మీరడగొచ్చు. కుళ్లుకుంటారు. నేను కుళ్లుకున్నాను. పిచ్చుకా, పిచ్చుకా అని ఆ ముసలి గొంతు షెడ్డంతా వినబడుతుంటే నా చేతికింద గిన్నె వంకర పోయేది.

ప్రాణం పెట్టి చేశాను నా కప్పు. సన్నగా, పొడుగ్గా, పైకి వచ్చేసరికి అంచు కొంచెం బయటికి విచ్చుకునేలా లాగాను. పిడి చిన్నది, పసిపిల్ల చెవిలా ఒద్దికగా ఉంటుంది. పైన వాన నీటి రంగు గ్లేజు పూత పోశాను. బట్టీలోంచి తీసిన రోజు నా కప్పుని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను.

పిచ్చుక కప్పు పొట్టిగా, అడుగు బరువుగా, గంజి రంగులో ఉంది. పిడి మరీ విచిత్రం. వెడల్పుగా, లావుగా, పైన బొటనవేలంత నొక్కు. ఆ నొక్కు కింద లోపలి అంచు ఒక్కచోట గుండ్రంగా రాకుండా బయటికి సాగిపోయింది. సగం ఆరినప్పుడు ఎవరో లాగి వదిలేసినట్టుంది. అతికించడం చేతకాక అలా వచ్చిందనుకున్నాను. ఆ పూట హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి ఎంతోకాలం లేదు. ఒకరోజు పొద్దున మా ఆయన నిద్రకళ్లతో వంటింట్లోకి వచ్చాడు. ముందు వరసలో పెట్టుకున్నాను నా కప్పుని, వెలుతురు పడేచోట. ఆయన దాన్ని పక్కకి జరిపి, వెనకనున్న పిచ్చుక కప్పు తీసి టీ పోసుకున్నాడు.

"ఏవండీ, నా కప్పు మీ కళ్లకి ఆనలేదా?"

"ఏ కప్పు? నేను చూళ్లేదే. చేతికొచ్చింది తీశాను."

అదే నా ఏడుపు. చూసి, ఆలోచించి, కావాలని తీసుంటే దెబ్బలాడేదాన్ని. చేతికొచ్చిందంటే ఏమనాలి?

మరిది సంగతి ఇంకా ఘోరం. సరుకు వ్యానులో దింపి వానకి తడిసి వచ్చేవాడు. తల తుడుచుకోకముందే ఎడంచెయ్యి అర మీదకి వెళ్లేది. అన్నీ ఎడంచేత్తోనే చేస్తాడు. ఆ కప్పు కోసం అన్నదమ్ములిద్దరూ ముందు నేనంటే ముందు నేనని గొడవపడేవాళ్లు. గడ్డాలొచ్చిన మగాళ్లు. నా కప్పు కోసం ఎవరైనా ఒక్కమాట అనుకుంటే నేనెంత సంతోషించేదాన్నో.

అంతలో నా కప్పు అరలోంచి మాయమైంది. ఆహా, ఎవరో తీసుకున్నారు కదా అని పొంగిపోయి ఇల్లంతా వెతికాను. హాల్లో రేడియో పక్కన ఉంది. అందులో పెన్సిళ్లు, ఒక కత్తెర, విరిగిన దువ్వెన. పొడుగ్గా ఉంది కదా వదినా, పెన్సిళ్లు పడిపోకుండా భలే కుదిరాయి అన్నాడు మరిది. మెచ్చుకుంటున్నానే అనుకున్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. అన్నీ బల్ల మీద బోర్లించి, కప్పు కడిగి, అక్కడికక్కడే టీ పోసుకుని తాగాను.

అప్పటినుంచి అదే పని పెట్టుకున్నాను. ఎవరూ వాడకపోతే నేనే వాడతాను. పొద్దున తాగాను, మట్టి పిసికి తాగాను, కప్పుల అడుగులు చెక్కుతూ తాగాను, వాన వచ్చిందని తాగాను, తగ్గిందని తాగాను. ఇదేం టీ పిచ్చే అని మా ఆయన విస్తుపోయాడు. పిచ్చి టీది కాదని ఆయనకి తెలుసు, నోరెత్తే ధైర్యం లేదు.

తాగగా తాగగా ఒక సంగతి తెలిసింది, తెలియకపోయినా బాగుండేది. నా కప్పు కారుతుంది. గుక్క తాగి దించితే విచ్చుకున్న అంచు మీంచి ఒక చుక్క బయటికి జారి, ఒంటి వెంబడి అడుగుదాకా పోతుంది. ఎంత ముచ్చటపడి లాగాను ఆ అంచుని. పిడి పట్టి ఎత్తితే నొప్పి పుడుతుందని కూడా తెలిసింది గానీ, అది పిడి తప్పు కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నా వేలు తప్పు.

ఆ వేలు సంగతి చెప్పాలి. అంతకుముందు ఎండాకాలం బట్టీలో పలక జారి నా కుడిచేతి మధ్యవేలి మీద పడింది. వాపు పోయింది, కణుపు మాత్రం పూర్తిగా వంగేది కాదు. వాన పడితే లోపలినుంచి లాగేసేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మణికట్టు పోయిన అత్తయ్య ఖాళీ చేసిన చక్రం మీదకి వేలు పోయిన కోడల్ని ఎవరు ఎక్కిస్తారు? అందుకని పళ్లు బిగబట్టి చేసుకుపోయాను.

ఓ మధ్యాహ్నం జోరున వాన. షెడ్డు రేకుల మీద చప్పుడికి పక్కవాళ్ల మాట వినబడదు. తడి గాలికి కప్పులు ఆరక, పిడులు అతికించాల్సిన కప్పుల పలకలు పేరుకుపోయాయి. పిడి లాగడమంటే తడిచేత్తో మట్టి కడ్డీని పట్టుకుని, ఆవు పాలు పితికినట్టు కిందకి జారుస్తూ సన్నం చెయ్యాలి. ఆ పట్టుకి మధ్యవేలే ఆధారం. నాకు చుక్కలు కనబడుతున్నాయి.

పిచ్చుక తన పీట ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పిడులు తను అతికిస్తానని, నన్ను చక్రం పని చూసుకోమని అంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కప్పు లాక్కుంది చాలక ఉన్న పని కూడా లాక్కుంటుందా? నీ వంకర పిడులు నా కప్పులకి వద్దన్నాను.

మొహం చిన్నబుచ్చుకుంది గానీ లేచి వెళ్లలేదు. వెళితే పిచ్చుకెలా అవుతుంది? ఊరికే ఉండలేక ఏదో ఒకటి మొదలుపెట్టింది. ఆ రోజు కుట్టుషాపు కబుర్లు.

"ఒక భుజం కుంగినవాళ్లు వచ్చేవాళ్లక్కా మా షాపుకి. కుంగిందని వాళ్లతో అనకూడదని మా మాస్టారు చెప్పేవారు. మాట్లాడకుండా కొలతలో సర్దెయ్యాలి. చొక్కా వేసుకుంటే రెండు భుజాలూ సమంగా కనబడాలి, వాళ్లకి కూడా తెలియకూడదు."

ఈ సోదంతా నాకెందుకని విసుక్కున్నాను. ఆమె నవ్వి, తడిగుడ్డ తెచ్చి నా పలక మీద కప్పి వెళ్లిపోయింది. పిడులన్నీ నేనే అతికించాను. వాటిలో సగం, ఆరేటప్పుడు అతుకు దగ్గర బీటలిచ్చాయి. వాన తడికి అని చెప్పాను అత్తయ్యతో. అత్తయ్య బీటలనీ చూసింది, నన్నూ చూసింది.

అన్నాళ్లలో ఇంట్లో అందరూ పిచ్చుక కప్పులో తాగారు. నేను ఒక్కదాన్నే దాన్ని ముట్టుకోలేదు. కడగాల్సి వచ్చినా వదిలేసి, మిగతావి కడిగి పెట్టేదాన్ని. అంత పౌరుషం నాకు.

వానలు వెనకబట్టాయి. ఒక ఉదయం వంటింట్లో కొత్త ఎండ పడింది. అత్తయ్య మమ్మల్ని పిలిచి రెండు కప్పులూ బల్ల మీద బోర్లించింది. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. మరిది అప్పటికే వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

కప్పు అడుగున బల్లకి ఆనే చుట్టుకి మేం గ్లేజు వెయ్యం. కొత్తలో గరుగ్గా ఉంటుంది, వాడేకొద్దీ నున్నబడుతుంది. అత్తయ్య పిచ్చుక కప్పు అడుగు బొటనవేలితో రాసి చూసింది. నాది కూడా చూసింది.

"నీదీ బాగానే నున్నబడిందే" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య నా కప్పుని వెలుతురులో తిప్పింది. ఆ గ్లేజు లేని చుట్టు మీద ఒకచోట గోధుమరంగు మరక.

"ఇది కారుతోంది పెద్దమ్మాయీ. ఒక్క పక్కే కారింది. చిన్నోడు తాగుంటే రెండో పక్క కూడా కారేది. వాడిది ఎడంచెయ్యి కదా. ఇందులో తాగింది ఎవరు?"

మా ఆయన ఇంటికప్పు కేసి చూశాడు. నేనే తాగానన్నాను. అంత టీ ఒక్కదానివే తాగావా అని అత్తయ్య ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యమో వెక్కిరింతో ఇప్పటికీ తెలియదు.

తర్వాత అసలు మాట చెప్పింది. కప్పు పిచ్చుకది. ఇకమీదట షెడ్డులో అదే చేస్తాం. చక్రం మీద మాత్రం పెద్దమ్మాయి కూర్చుంటుంది. ఒక మంచి కప్పు బుర్రకి తట్టడం వేరు, పొద్దున్నుంచి సాయంత్రందాకా పలకలకి పలకలు ఒకేలా నింపడం వేరు, అది పెద్దమ్మాయికే చేతనవుతుంది.

చక్రం నాది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పిచ్చుక మొహం చూశాను, ఎక్కడైనా కాస్త వాడిపోయిందేమోనని. లేదు. నిజంగానే నవ్వుతోంది. అది కూడా నాకు నచ్చలేదు.

అత్తయ్య టీ వడగట్టి పిచ్చుక కప్పులో పోసి నా ముందుకి తోసింది. ఇక నువ్వు చెయ్యాల్సింది దీన్నే, ఎలా ఉందో పట్టుకు చూడమంది. అందరి ముందు కాదనలేక పట్టుకున్నాను.

బొటనవేలు పైనున్న నొక్కులో కూర్చుంది. చూపుడువేలు లోపలికి వెళ్లింది. మధ్యవేలు, ఆ వంగని వేలు, వంగకుండానే వెళ్లి లోపలి అంచు బయటికి సాగినచోట ఆనింది. ఎవరో కొలిచి పెట్టినట్టు ఆనింది. కప్పు ఎత్తాను. నిండా టీ ఉంది, నొప్పి లేదు.

మళ్లీ దించి, మళ్లీ ఎత్తాను. పచ్చిమట్టి కాలేసరికి ఎంత కుంచించుకుపోతుందో నాకు తెలుసు. కాలాక ఇంత సరిగ్గా రావాలంటే ఆ మనిషి నా వేలిని ఎన్నిసార్లు, ఎంత పట్టి చూసుండాలి? ఇన్నాళ్లూ నేను మాత్రం పిడులన్నీ దెబ్బ తగలకముందు నాకున్న చేతికి చేస్తూ వచ్చాను. నాకు ఏడుపొచ్చిందనుకునేరు. రాలేదు. ఒళ్లు మండింది. నా చెయ్యి గురించి నాకు తట్టనిది దీనికెలా తట్టింది?

"ఈ పిడి చూడు, నా మణికట్టు చూసి చేసింది పిచ్చితల్లి" అంది అత్తయ్య. "బరువంతా వేళ్ల మీదే నిలుస్తుంది. మణికట్టు తిప్పక్కర్లేదు. నాకోసమే కదే చేశావు?"

పిచ్చుక నాకేసి చూసింది. ఒక్కసారి చూసి తల దించుకుంది.

"అవునత్తయ్యా" అంది.

అత్తయ్య ఆమెను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. మణికట్టు నొప్పున్న చేత్తోనే నిమిరింది. ఊరుకుంటే సరిపోయేది. చక్రం నాకు దక్కింది, వేలు సంగతి బయటపడలేదు, ఆ మాత్రం అబద్ధం నాకోసమే ఆడింది పిచ్చుక. నోరు మూసుకుని ఆ టీ తాగేస్తే అయిపోయేది. కానీ ఆ నిమరడం చూస్తుంటే, నా చేతికి చేసిన కప్పుని ఇంకొకరు తనదనుకుని మురిసిపోతుంటే, నావల్ల కాలేదు.

"మీ చెయ్యి కాదత్తయ్యా. నాది."

అత్తయ్య పిచ్చుకని వదిలి నా దగ్గరకి వచ్చింది. కప్పు తీసి పక్కన పెట్టి, నా మధ్యవేలి కణుపు పట్టుకుని మెల్లిగా వంచింది. అమ్మా అని అరిచాను.

"ఎప్పట్నుంచి?"

చెప్పాను. మా ఆయన గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసి ఆగిపోయాడు. నాకొక్క మాటైనా చెప్పలేదేమే అని తర్వాత అడిగాడు, చాలా రోజులు అడుగుతూనే ఉన్నాడు.

అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. తను కూడా నొప్పి మొదలైనప్పుడు ఇలాగే దాచానని, మొదట్లోనే చెప్పుంటే చెయ్యి మిగిలేదేమోనని నెమ్మదిగా చెప్పింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. తర్వాత పిచ్చుక వైపు తిరిగి, చక్రం మీద నువ్వు కూర్చోవే, పెద్దమ్మాయి పక్కనుండి నేర్పుతుంది అంది.

అలా నా నోటితో నేనే కిటికీ పక్క చక్రం పోగొట్టుకున్నాను. అది మళ్లీ నాకు రాలేదు. వేలు కొంత నయమైంది, పూర్తిగా కాలేదు.

ఇప్పుడు పిచ్చుక కిటికీ పక్క కూర్చుని కప్పులు తీస్తుంది. నేను పక్కనే పీట వేసుకుని, ముద్ద నడిమికి రాకపోతే తిడతాను, అడుగు బరువెక్కితే తిడతాను. పిడులు కూడా తనే పెడుతుంది. సగం ఆరిన ప్రతి కప్పూ నా దగ్గరకి రావాలి. పిడిలో నా మధ్యవేలు పెట్టి చూస్తాను. పచ్చిమట్టి మీద కాస్త వదులుగా ఉండాలి, కాలాక సరిపోతుంది. వేలు ఒప్పుకోకపోతే పిడి కోసి పడేస్తాను, మారు మాట్లాడకుండా ఇంకోటి లాగుతుంది. వెలుతురు ఆమె మీద పడుతుంటే చూసి ఇప్పటికీ కుళ్లుకుంటాను. అంత తొందరగా పోయే గుణమా అది?

మొదటి కప్పు మాత్రం నేను తీసేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఈ మధ్య ఒక హోటలాయన సరుకు చూసుకోవడానికి వచ్చాడు. నేను షెడ్డులోంచి వచ్చేసరికి మా ఆయన ఆ కప్పులోనే ఆయనకి టీ పోసి ఇచ్చేశాడు. ఇంట్లో ఇంకన్ని కప్పులుండగా.

"పిడి భలే కుదిరిందమ్మా. ఎవరు చేశారు?" అన్నాడు హోటలాయన. పిచ్చుక ఏదో చెప్పబోయింది.

"చేసింది మా చెల్లి" అన్నాను. "కప్పు నాది."

ఆయన తాగడం అయ్యేదాకా చెయ్యి చాపుకుని అక్కడే నిలబడ్డాను.